ఖాళీ గడి, సున్నా

లెక్కలంటే నాకు చిన్నప్పటినుంచీ భయం. తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లం ఈ మాట చెప్పుకోవటానికి సిగ్గుపడం. అదేదో రసజ్ఞతకు గుర్తయినట్టు కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. నేనూ చాలాకాలం అట్లాగే చెప్పుకున్నాను. అటువంటివాణ్ణి రెండేళ్లుగా మా కాలేజీలో సంఖ్యాశాస్త్రం క్లాసుకు వారానికొకసారి వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంటున్నానంటే మా శాఖలో కొందరు నవ్వుతున్నారు. ఎందుకు వెళుతున్నానో, అక్కడ ఏం చూశానో చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట వెళ్లింది నా ఇష్టంకొద్దీ కాదు. మా సంఖ్యాశాస్త్రం లెక్చరరు నాకంటే పదిహేనేళ్లు పెద్ద. ఒకరోజు స్టాఫ్ రూములో నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుని, "మాస్టారూ, మీరు నాకో సాయం చెయ్యాలి. మా పిల్లలకు కంప్యూటరు వచ్చు. జవాబు రాబట్టటం వచ్చు. వచ్చిన జవాబేమిటో నోటితో చెప్పమంటే మటుకు రావటం లేదు" అన్నారు. స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటని అడిగితే, దానికోసం ఎక్కడ నొక్కాలో చెబుతారట. నిర్వచనం అడిగితే పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు వాక్యం అప్పజెబుతారట. "తెలుగులో చెప్పమంటే నవ్వుతారు. మీరొచ్చి చెప్పించండి" అన్నారు.

ల్యాబులో ఇరవై యంత్రాలున్నాయి. పనిచేసేవి పదమూడు. ఒక్కొక్కదాని ముందు ముగ్గురేసి కూర్చుంటారు. ఆ ముగ్గురిలో మగపిల్లవాడుంటే మౌసు అతని చేతిలో ఉంటుంది, ఆడపిల్లలు నోటుబుక్కులో రాసుకుంటారు. ఇట్లా కూర్చోమని ఎవరూ చెప్పలేదు.

నా పని సుళువనుకున్నాను. తెలుగు అకాడమీ వారు ఎప్పుడో మాటలు తయారుచేసి పెట్టారు గదా. అంకమధ్యమం, మధ్యగతం, బాహుళకం, క్రమవిచలనం, సహసంబంధం, ప్రతిగమనం. బోర్డు మీద వరసగా రాశాను. క్లాసు మరింత నవ్వింది. క్రమవిచలనం అన్న మాటలో నాకు సంస్కృతం కనిపించింది. పిల్లలకు ఏమీ కనిపించలేదు. వాళ్లకు ఇంగ్లీషు మాట ఎంత దూరమో నా మాట అంతకంటే దూరం. చివరికి ఒక కుర్రాడు, "సార్, సగటుకి ఎవరెవరు ఎంతెంత దూరంలో ఉన్నారో చూసి, ఆ దూరాలన్నిటికీ కలిపి ఒక అంకె చెప్పటమేనా?" అన్నాడు. మా లెక్చరరు, "అంతే. ఆ కలపటంలో కొంచెం మెలిక ఉంది, తరవాత చెబుతాను" అన్నారు. నిఘంటువు మోసుకుని వెళ్లినవాణ్ణి నేను. అర్థం చెప్పినవాడు ఆ కుర్రాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సగటు అన్నది మన రచయితలకు బాగా అలవాటయిన మాట. సగటు మనిషి బాధ, సగటు మనిషి ఆశ అని ధారాళంగా రాస్తాం. ఆ సగటు ఎవరెవరిని కలిపి కట్టామో మనల్ని ఎవరూ అడగరు. సంఖ్యాశాస్త్రం క్లాసులో మొదటి ప్రశ్న అదే.

యంత్రం వచ్చి విద్యార్థి బుర్రకు పదును పోగొట్టిందని మా కాలేజీలో పెద్దవాళ్లు కొందరంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎక్కం రాని పిల్లలు డిగ్రీలో ఉన్నారు. ఐతే మా లెక్చరరు తన చదువు సంగతి చెప్పారు. ముప్పై జతల అంకెలకు సహసంబంధం కట్టటానికి లాగరిథం పట్టికలు ముందు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చునేవారట. ఎక్కడో ఒక కూడిక తప్పితే మళ్లీ మొదటికి. "అందులో నేను నేర్చుకున్నది ఓపిక మాస్టారూ. ఆ ముప్పై మందీ ఎవరు, వాళ్లనే ఎందుకు ఎన్నుకున్నారు అని ఆలోచించటానికి నాకు సాయంత్రం మిగిలేది కాదు" అన్నారు.

కంప్యూటర్ అన్న మాట ఒకప్పుడు యంత్రం పేరు కాదు. కూర్చుని లెక్కలు కట్టే మనిషి ఉద్యోగం పేరు. మహలనోబిస్ 1931లో కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించినప్పుడు ఉన్నవి అటువంటి మనుషులూ, చేత్తో తిప్పే యంత్రాలూను. మన తెలుగువాడు సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చదివి 1941లో అక్కడికి వెళ్లాడు. ప్రపంచం ఈనాటికీ ఆయన పేరుతో చెప్పుకునే ఫలితాన్ని 1945లో, పాతికేళ్ల వయసులో ప్రకటించాడు. 2023లో, 102 ఏళ్ల వయసులో అమెరికాలో పోయాడు. ఇంటరు చదివే పిల్లవాడి చేతిలో ఉండే ఫోను చేసే లెక్కలో వెయ్యోవంతు కూడా ఆనాడు ఆ సంస్థ మొత్తం కలిసి చెయ్యలేకపోయేది. అయినా 1943 బెంగాల్ క్షామం తరవాత ఆ సంస్థవాళ్లు పల్లెలకు వెళ్లి, ఎన్ని కుటుంబాలు వరిపొలాలు అమ్ముకున్నాయో, ఎన్ని ఎడ్లను పోగొట్టుకున్నాయో లెక్క రాశారు. ఆ క్షామం మీద కథలూ పాటలూ మనం చదివాం, విన్నాం. ఈ లెక్కను గురించి నా తెలుగు చదువులో ఎవరూ చెప్పలేదు. మనసున్నవాడు లెక్క కట్టడనీ, లెక్క కట్టేవాడికి మనసుండదనీ ఒక నమ్మకం మనలో ఉంది. దాన్ని పెంచి పోషించినవాళ్లలో నాబోటివాళ్లం ఉన్నాం.

యంత్రం వల్ల బోధనలో వచ్చిన లాభం నాకు కళ్లకు కట్టినట్టు తెలిసిన రోజు ఒకటుంది. ఆరోజు మా లెక్చరరు నాలుగు పట్టికలు ఇచ్చారు. ఒక్కొక్కదానిలో పదకొండు జతల అంకెలు. యాన్‌స్కూంబ్ అనే సంఖ్యాశాస్త్రజ్ఞుడు 1973లో కావాలని కల్పించినవి. పిల్లలు నాలుగింటికీ సగటు కట్టారు. మొదటి వరస సగటు 9, రెండో వరస సగటు 7.5. నాలుగింటికీ అదే. సహసంబంధం 0.816. అదీ నాలుగింటికీ ఒకటే. ప్రతిగమన రేఖ కూడా ఒకటే. "ఇక ఈ నాలుగూ ఒకటే అనవచ్చునా?" అన్నారు. అనవచ్చునన్నారు పిల్లలు. నేనూ లోలోపల అనవచ్చుననే అనుకున్నాను. "బొమ్మ గియ్యండి" అన్నారు. గీత పక్కన చుక్కలు చెదిరినట్టు ఒకటి వచ్చింది. రెండోది విల్లు వంచినట్టు వచ్చింది. మూడోదానిలో ఒక్క చుక్క తప్ప తక్కినవన్నీ సూటిగా ఒకే గీత మీద నిలబడ్డాయి. నాలుగోదానిలో పది చుక్కలు ఒకదాని పైన ఒకటి నిచ్చెనలా నిలబడి, ఒకే ఒక్కటి దూరంగా పోయి మొత్తం గీతను తనవైపు లాక్కుంది. క్లాసు నిశ్శబ్దమయిపోయింది. పట్టికలతో కుస్తీపట్టిన రోజుల్లో ఈ నాలుగు బొమ్మలూ గీయించాలంటే ఒక వారం. ఇక్కడ పట్టింది పది నిమిషాలు. తక్కిన గంటంతా మాట్లాడుకున్నాం. చేతికి పని తగ్గితే నోటికీ బుర్రకూ పని పెరగాలి. పెరగకపోతే ఆ తప్పు యంత్రానిది కాదు, పాఠం చెప్పేవాడిది.

ఆ ల్యాబులో వాడేది 'ఆర్' అనే ఒంటి అక్షరం పేరున్న సాఫ్ట్‌వేరు. న్యూజీలాండులో ఆక్లండు విశ్వవిద్యాలయం ఉపాధ్యాయులు ఇద్దరు, రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్మన్, 1990ల మొదట్లో తమ ల్యాబులో పిల్లలకు పాఠం చెప్పటానికి పనికొస్తుందని మొదలుపెట్టారట. 1995 నుంచీ అది అందరికీ ఉచితం. లోపల ఏముందో విప్పి చూడవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. దేశదేశాలవాళ్లు చెయ్యి కలిపి పెంచారు. ఏటేటా అద్దె కట్టవలసిన సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. వాటిని కొనలేని కాలేజీలు దొంగ ప్రతులతో కాలక్షేపం చెయ్యటం అందరూ ఎరిగిన రహస్యమే. ఒక ఊరుమ్మడి చెరువులాంటి వస్తువు మా ల్యాబుకు ఏ ఖర్చూ లేకుండా వచ్చిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా లెక్చరరు పిల్లలకు ఒక పని పెట్టారు. ఎవరి ఊళ్లో వాళ్లు పదిమంది ఆడవాళ్లను అడిగి, ఈ కోతల రోజుల్లో రోజుకు ఎంత కూలి వస్తున్నదో రాసుకురమ్మన్నారు. తెచ్చినవాటిని ముందు మామూలు స్ప్రెడ్‌షీటులో ఎక్కించి సగటు కట్టమన్నారు. మిరప చేల ఊరినుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉంది, మౌసు పట్టుకోని పిల్లల్లో ఒకతె. ఆమె తెచ్చిన పట్టికలో నలుగురికి 300, ఇద్దరికి 350, ఒకరికి 400. తక్కిన ముగ్గురికీ ఏమీ లేదు. ఆ మూడు గళ్లలో ఆమె సున్నాలు వేయించింది. సగటు 230 వచ్చింది. పక్క యంత్రం మీద అదే ఊరి కుర్రాడు అదే పట్టికను ఎక్కించి ఆ మూడు గళ్లూ ఖాళీగా వదిలేశాడు. అతనికి 328 రూపాయల చిల్లర వచ్చింది. ఊరొకటే, మనుషులు వాళ్లే, అంకెలు అవే. దాదాపు వంద రూపాయల తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

కారణం చాలా చిన్నది. స్ప్రెడ్‌షీటు ఖాళీ గడిని లెక్కలోకి తీసుకోదు. పదిమందిని అడిగినా ఏడుగురితోనే భాగిస్తుంది. భాగించానని మనతో చెప్పదు. సున్నా వేస్తే దాన్ని ఒక మనిషి కింద లెక్కపెడుతుంది.

కుర్రాడు, "కూలికి వెళ్లనివాళ్లకి కూలి ఉండదు గదా సార్. వాళ్లను కలపటం ఎందుకు?" అన్నాడు.

అమ్మాయి లేచి నిలబడింది. "మా అమ్మ వెళ్లలేదని ఎవరన్నారు? మా చేలోనే ఏరింది. కూలివాళ్లతోపాటే ఏరింది. వాళ్లు వెళ్లిపోయాక కూడా ఏరింది."

"మరి సున్నా ఎందుకు వేశావమ్మా?" అన్నారు మా లెక్చరరు.

"ఏమీ రాలేదు గదా సార్" అంది, గొంతు తగ్గించి.

ఆయన ఇద్దరిలో ఎవరినీ తప్పనలేదు. కూలికి వెళ్లినవాళ్లకు ఎంత దొరుకుతున్నదని ప్రశ్న అయితే కుర్రాడి లెక్క సరి. ఆ పదిమంది చేతికీ తలకెంత డబ్బు వస్తున్నదని ప్రశ్న అయితే అమ్మాయి లెక్క సరి. ఆ తల్లి చేసిన పని విలువ ఎంత అన్న ప్రశ్నకు మటుకు రెండు లెక్కల్లోనూ జవాబు లేదు. తరవాత అదే పట్టికను ఆర్‌లో ఎక్కించి, ఆ మూడు చోట్లా సున్నా కాకుండా, ఖాళీ కాకుండా, 'ఎన్ఏ' అని వేయించారు. దొరకలేదు అని దాని అర్థం. సగటు అడిగితే ఆర్ అంకె ఏదీ ఇవ్వలేదు. తిరిగి ఎన్ఏ అనే అంది. పదిమందిలో ముగ్గురి సంగతి తెలియకపోతే పదిమంది సగటూ తెలియదని అది మొండికేసింది. పిల్లలకు చిరాకు వేసింది. వాటిని తీసేసి కట్టమని చెప్పటానికి ఒక చిన్న ఆజ్ఞ ఉంది. అది చూపించి, "ఈ మాట మీ చేత్తో మీరే టైపు చెయ్యాలి. ముగ్గుర్ని తీసేస్తున్నామని మీరే ఒప్పుకోవాలి. మొదటిది ఆ ఒప్పుకోలు మిమ్మల్ని అడగలేదు" అన్నారు.

పనిలో పనిగా ప్రభుత్వ లెక్కల సంగతి కూడా వచ్చింది. మన దేశపు శ్రామిక సర్వేల్లో సొంత చేలో జీతం లేకుండా పనిచేసేవారికి 21 అని ఒక సంకేతం ఉంది. వాళ్లను శ్రామికులుగానే లెక్కిస్తారు. ఇంటిపని మటుకే చేసేవారికి 92, ఇంటిపనితోపాటు పుల్లలూ నీళ్లూ తెచ్చుకోవటం, బట్టలు కుట్టుకోవటం వంటివి చేసేవారికి 93. వీళ్లు శ్రామికులు కారు. ఆ తల్లి పొద్దున 21, సాయంత్రం 92 అన్నమాట. 2019లో జరిగిన కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని ఉంది. మగవాళ్లు గంటన్నర పైగా ఇంటిపని చేస్తున్నారా అని నాకు ఆశ్చర్యం వేసింది. అమ్మాయి అడిగింది: "సార్, చెయ్యనివాళ్లకి ఏం వేశారు?" వెతికితే, ఆ 97 నిమిషాలు ఇంటిపని చేసిన మగవాళ్ల సగటే అని తేలింది. అటువంటివాళ్లు నూటికి 26 మంది. తక్కినవాళ్లకు సున్నా వేసి కడితే 97 కాస్తా 25 అయింది. ఆడవాళ్లలో నూటికి 81 మంది చేస్తున్నారు గనక వాళ్ల 299 దిగితే 243 వరకే దిగింది. ఆ సర్వే నివేదిక రెండు లెక్కలూ ఇచ్చింది. తప్పు దానిది కాదు. పెద్ద అక్షరాల్లో ఏ అంకె వేసుకోవాలో ఎన్నుకునేవాళ్లది. ఆడపిల్లలు చాలాసేపు నవ్వారు. మగపిల్లలూ కొంత నవ్వారు.

పెద్ద పండితులు కూడా ఈ గళ్ల దగ్గరే జారిపడ్డారు. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆచార్యులు 2010లో ఒక వ్యాసం రాశారు. దేశపు అప్పు ఏడాది ఆదాయంలో 90 శాతం దాటితే ఆ దేశం ఎదుగుదల కుంటుబడుతుందని, సగటున 0.1 శాతం తరుగుదల కూడా కనిపిస్తుందని వాళ్ల పట్టిక చెప్పింది. ప్రజలకోసం పెట్టే ఖర్చు కోసెయ్యాలనే మంత్రులకు అది గొప్ప ఆధారమయింది. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసులో ఇచ్చిన పని కింద ఆ లెక్క తిరిగి కట్టబోతే జవాబు కుదరలేదు. వాళ్లనే అడిగి స్ప్రెడ్‌షీటు తెప్పించుకున్నాడు. ఇరవై దేశాల సగటు కట్టవలసిన సూత్రం పదిహేను వరసల దగ్గరే ఆగిపోయింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు లెక్కలో లేవు. అదొక్కటే కాదు, కొన్ని సంవత్సరాలు వదిలెయ్యటం, దేశాలకు తూకం వేసిన పద్ధతి ఇంకా ఎక్కువ తేడా తెచ్చాయి. అతనూ అతని ఉపాధ్యాయులూ కలిసి 2013లో సరిచేసి కడితే 2.2 శాతం పెరుగుదల వచ్చింది. సూత్రంలో పొరపాటు నిజమేనని ఆచార్యులు ఒప్పుకున్నారు. తమ వాదం మాత్రం వదలలేదు. ఈ కథ చెప్పినప్పుడు మా పిల్లల్ని ఆకట్టుకున్నది ఆచార్యుల తప్పు కాదు. "క్లాసులో ఇచ్చిన పనేనా సార్?" అని ఇద్దరు ముగ్గురు మళ్లీ మళ్లీ అడిగారు.

ఎన్ఏకు తెలుగు మాట కావాలని ఆరోజు మా లెక్చరరు నన్నడిగారు. నేను 'అలభ్యం' అన్నాను. క్లాసు ఒప్పుకోలేదు. 'లేదు' అందామంటే సున్నాకూ దానికీ తేడా పోతుంది. 'తెలియదు' అన్నాడు కుర్రాడు. బాగుందనుకున్నాం. ఆ అమ్మాయి మాత్రం, "మా అమ్మ ఎంత పని చేసిందో నాకు తెలుసు సార్. తెలియదని నేనెట్లా రాస్తాను? ఖరీదు కట్టలేదు అని రాద్దాం" అంది. ఇప్పుడు ఆ క్లాసులో మూడు రకాల ఖాళీలున్నాయి: తెలియదు, చెప్పలేదు, ఖరీదు కట్టలేదు. యంత్రానికి మూడూ ఒకటే. నోటుబుక్కులో వేరు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు నాకు నా పట్టిక గుర్తుకు వచ్చింది.

ప్రతి సంవత్సరం ఒక్కొక్క శాఖవాళ్లం పరీక్ష ఫలితాలను ఒక పట్టికలో ఎక్కించి పైకి పంపాలి. అంతకుముందు సంవత్సరం నా క్లాసులో పేర్లున్నవాళ్లు 63 మంది. పరీక్ష రాసినవాళ్లు 52. రాని పదకొండుమంది గళ్లు ఖాళీగా వదిలేశాను. యంత్రం మంచి సగటు ఇచ్చింది. ఉత్తీర్ణతా బాగా వచ్చింది. తెలుగు శాఖను చూసి నేర్చుకోమని మీటింగులో అన్నారు. నేను తల వంచుకుని, వినయమన్నట్టు, ఊరుకున్నాను. పరీక్ష రాయనివాడికి మార్కులెక్కడివి అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ కుర్రాడు కూడా సరిగ్గా అదే అన్నాడు. తేడా ఏమిటంటే అతనికి ఖాళీ గడి చేసే పని తెలియదు. నాకు అప్పటికే తెలుసు. ముందు సున్నాలు వేసి కట్టి చూసి, ఆ అంకె నచ్చక, సున్నాలు చెరిపేశాను.

ఆ పదకొండుమందిలో నలుగురి సంగతి నాకు తెలుసు. ఇద్దరు మిరప కోతలకు తల్లిదండ్రులతో వెళ్లారు. ఒక అమ్మాయికి పెళ్లయింది. ఒకడు హైదరాబాదులో సామాన్లు చేరవేసే పనికి కుదిరాడు. తక్కిన ఏడుగురి సంగతి అడగలేదు. నా గళ్లకు ఆ అమ్మాయి పెట్టిన పేర్లలో ఏది నప్పుతుందో ఆలోచించాను. 'అడగలేదు' అని నాలుగోది చేర్చవలసి వచ్చింది.

ఈ సంవత్సరం పట్టికలో రానివాళ్లకు వేరే వరస పెట్టాను. మొత్తం తొమ్మిదిమంది. కనుక్కోగలిగినంతవరకు కారణాలు రాశాను. సగటును రెండు విధాలా కట్టి రెండూ ఇచ్చాను. నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. "గతంలో పంపిన నమూనాలోనే పంపగలరు" అని ఒక్క వాక్యం. నమూనాలో ఆ వరసకు చోటు లేదు. గడువు వచ్చే శుక్రవారం.

కాగితం తీసుకువెళ్లి మా సంఖ్యాశాస్త్రం లెక్చరరుకు చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"నమూనా మార్చరు మాస్టారూ. కింద గమనిక రాసి పంపండి. ఎవరూ చదవరు, అయినా రాయండి. పదకొండుమందివి కూడా కలిపి రాయండి" అన్నారు.